అటకమీది వీరులు

హైటెక్ సిటీ పక్కన హైటెక్సు ప్రదర్శనశాలలో 2013లో ‘కామిక్ కాన్’ అనే కొత్తరకం తిరునాళ్ళ మొదలయింది. తరువాత కూడా పలుమార్లు జరిగింది. వారమంతా కంప్యూటరు ముందు తలవంచుకు కూర్చునే కుర్రాళ్ళు ఆ రోజు వీపున ఎర్రగుడ్డ కట్టుకుని, ముఖాన ముసుగు తగిలించుకుని వీరవిహారం చేస్తారు. వెంట వచ్చిన తండ్రులు చేతిసంచులు పట్టుకుని వో మూల నిలబడతారు. ‘ఇంజనీరింగు చదివించింది యిందుకా?’ అన్న ప్రశ్న వాళ్ళ ముఖాలమీద రాసే వుంటుంది.

వేషాలకేం లెండి. పగటివేషగాళ్ళను చూసి పెరిగిన జాతి మనది. నేను చెప్పబోయేది ఆ వేషాలకు మూలమైన బొమ్మల పుస్తకాల సంగతి.

మా మేనల్లుడు రాయదుర్గంలో ఇంజనీరు. ఆ మధ్య కొండాపూరులో యిల్లు మారుతుంటే, అటకమీదనుంచి యీ పుస్తకాల అట్టపెట్టె వొకటి దిగింది. మా అక్కయ్య నన్ను పిలిచి, “ఒరేయ్ తమ్ముడూ, వీడికి ముప్పయ్యేళ్ళు నిండాయి. రేపు పిల్లనిచ్చేవాళ్ళు యిల్లు చూడ్డానికొస్తే యివి చూసి ఏమనుకుంటారు? పాతపేపర్లవాడికి వేస్తానంటే వీడు యుద్ధానికొస్తున్నాడు. నువ్వయినా చెప్పరా” అన్నది.

చెప్పేముందు చూడటం ధర్మం గదా అని పైనున్న పుస్తకం తీశాను. స్పైడర్ మ్యాన్ 33వ సంచిక, 1966 ఫిబ్రవరిది. అసలు ప్రతి కాదు, మళ్ళీ అచ్చువేసింది. బొమ్మలు స్టీవ్ డిట్కో, మాటలు స్టాన్ లీ.

కథ యిది. పీటరు అనే కుర్రవాడు పెంచిన తల్లికి ప్రాణంమీదికి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఆంట్ అని సరిపెట్టుకున్నారు గాని, తండ్రి అన్నగారి భార్య గనక మన లెక్కలో ఆవిడ పెద్దమ్మ. ఆమెకు కావలసిన మందు నాలుగడుగుల దూరంలో నేలమీద పడివుంది. పీటరేమో కొండంత యంత్రం కింద చిక్కుకుపోయాడు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందు సంచిక సరిగ్గా యిక్కడే ఆగింది. నెల్లాళ్ళు పాఠకులు వూపిరి బిగబట్టవలసి వచ్చింది. ‘సశేషం’ అన్న మాట ఎంత చేటో మన సీరియల్ పాఠకులకు నేను చెప్పాలా?

ఇక డిట్కో పనితనం చూడండి. వీరుడి ముఖం నిండా ముసుగు. కనుబొమలు లేవు, పెదవులు లేవు. ఏడుపయినా పంతమయినా వేళ్ళలోనూ, భుజాల్లోనూ, వంగిన వెన్నులోనూ చూపించాలి. ముందు యిరుకు గళ్ళు. అందులో మనిషి నలిగిపోతుంటాడు. వొకసారి ప్రయత్నిస్తాడు, జారుతుంది. పెద్దమ్మ, పోయిన పెదనాన్న మనసులో మెదులుతారు. మళ్ళీ పట్టుపడతాడు. యంత్రం కదిలేకొద్దీ గళ్ళు కూడా పెరుగుతాయి. చివరికి పేజీ తిప్పితే పేజీ అంతా వొకటే బొమ్మ: యంత్రాన్ని ఎత్తేసి నిలబడిన పీటరు! మందు కోసం బరువెత్తిన వీరుణ్ణి మనం కొత్తగా చూడటం లేదు. మన హనుమంతుడు పర్వతాన్నే పెకలించుకొచ్చాడు. కాని ఆయన బలానికి సందేహం లేదు. యీ కుర్రవాడికి తన బలంమీద తనకే నమ్మకం లేదు. ఆ తేడాలోనే కథంతా వుంది.

గడికీ గడికీ మధ్య తెల్లచార మాత్రమే వుంటుంది. మొదటి గడిలో చెయ్యెత్తుతాడు, రెండో గడిలో తలుపు విరిగివుంటుంది. దెబ్బ కొట్టింది ఎవరు? మనమే, మనసులో. ఇది అమెరికా కనిపెట్టిన విద్యేమీ కాదు. తెలంగాణాలో చేర్యాల నకాషీ పటం పొడుగాటి గుడ్డమీద గడులు గడులుగా కథ చెబుతుంది; కథకుడు పటం విప్పుకుంటూ వొక్కొక్క ఘట్టమే చూపిస్తాడు. హైటెక్ సిటీ పక్కనే శిల్పారామంలో చేర్యాల బొమ్మలు కొనేవాళ్ళు, యింట్లో కొడుకు కామిక్సు పుస్తకం చూసి ముఖం చిట్లించటం నాకు వింతగా వుంటుంది. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుణ్ణి తలుచుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి. కథ చదవకముందే ఆ నడక మనను శ్మశానంలోకి లాక్కుపోయేది.

అన్నీ మంచివని నేననను. తన్నుకుంటూ వుపన్యాసాలు చెప్పే దుర్మార్గులు యీ పుస్తకాలనిండా వున్నారు. పాతవాటిలో ఆడవాళ్ళకు కెవ్వుమనటం తప్ప పని తక్కువ.

“అయితే వుంచమంటావా?” అన్నది అక్కయ్య. సూపర్ మ్యాన్ మొదట కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెల 10 సెంట్లు. దాని ప్రతి వొకటి 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికిందన్నాను. అక్కయ్య మాట్లాడకుండా పెట్టెమీద దుమ్ము తుడిచింది. మేనల్లుడివన్నీ మళ్ళీ అచ్చయినవేనని నేనూ గట్టిగా చెప్పలేదు లెండి.

ఆ సూపర్ మ్యాన్ ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ లకు హక్కులన్నీ కలిపి ముట్టింది 130 డాలర్లు. బొమ్మలు గీసిన షూస్టరుకు తరువాత చూపు మందగించింది. సినిమా తీయబోతున్నారని తెలిసి సీగెల్ వూరంతా వినబడేలా మొరపెట్టుకున్నాక, 1975లో కంపెనీ వారిద్దరికీ ఏటా 20,000 డాలర్ల చొప్పున యివ్వటానికీ, కథలమీద పేర్లు వేయటానికీ వొప్పుకున్నది. బ్యాట్ మ్యాన్ సంగతి మరీ అన్యాయం. 1939లో ఆ చెవుల ముసుగు, ఆ గబ్బిలం రెక్కల కేపు సూచించి, మొదటి కథ రాసినవాడు బిల్ ఫింగర్. పేరు మాత్రం చిత్రకారుడు బాబ్ కేన్ దే. ఫింగర్ 1974లో పోయాడు. అతని మనుమరాలూ, మరికొందరూ పట్టుబట్టగా, 2015లో కేన్ పేరు పక్కన అతని పేరు చేరింది. మేనల్లుడి పెట్టెలో బ్యాట్ మ్యాన్ పుస్తకాలు పదకొండున్నాయి. ఫింగర్ పేరున్నవి నాలుగు.