యాంటీవైరస్ కొనాలా? విండోస్‌తో వచ్చిందే సరిపోతుందా?



ఈసారి పోస్టు పంట గురించి కాదు, ఇంట్లో ఉన్న కంప్యూటర్ గురించి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పిల్లల చదువు కోసమని ల్యాప్‌టాప్ కొన్న ఇళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కొన్నప్పుడు పిల్లల ప్రాజెక్టు పనికే అనుకుంటాం. మెల్లగా అందులోకి 1బీ, అడంగల్ కాపీలు, పాస్‌బుక్కుల స్కానింగులు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఫొటోలు, కౌలు లెక్కలు అన్నీ చేరతాయి. బ్యాంకు పని కూడా దాని మీదే చేస్తాం. అంటే అది మన ఇంట్లో ఇంకో బీరువా. దాని తాళం సంగతి మాట్లాడుకోవాల్సిందే.

కంప్యూటర్ కొన్నచోట బిల్లు రాస్తూ ఒక మాట అంటారు. "యాంటీవైరస్ కూడా వేసేయమంటారా? లేకపోతే వైరస్ పట్టేస్తుంది మరి." ఏడాదికి కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు దాకా. మళ్ళీ ఏటేటా రెన్యువల్. ఇది నిజంగా అవసరమా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మామూలు ఇంటి కంప్యూటర్‌కి అక్కర్లేదు. విండోస్ 10, 11లతో పాటే వచ్చే డిఫెండర్ సరిపోతుంది. కానీ ఈ మాటకు కొన్ని షరతులున్నాయి. సగం మాట పట్టుకుని వెళ్ళిపోతే నష్టపోయేది మనమే.

పత్తి వేసేవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది, 2006లో బీజీ-2 వచ్చింది. పురుగును ఆపే గుణం విత్తనంలోనే ఉంది. కాయతొలుచు పురుగుకి కొట్టే మందులు తగ్గాయి. కానీ రెండు సంగతులు మనందరికీ తెలుసు. ఒకటి, పచ్చదోమ, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు. రెండు, గులాబీ పురుగు కొన్నేళ్ళకి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. పురుగు మారింది, విత్తనంలో ఉన్న రక్షణ మారలేదు.

డిఫెండర్ కూడా విత్తనంలో వచ్చిన రక్షణ లాంటిదే. అయితే రెండో విషయంలో బీటీ కంటే నయం. నెట్ ఉంటే చాలు, కొత్తగా పుట్టిన వైరస్‌ల గుర్తులు రోజులో చాలాసార్లు దానికి అందుతూ ఉంటాయి. పురుగు మారినట్టల్లా అదీ మారుతుంది. మొదటి విషయంలో మాత్రం బీటీ లాగే: దాని చేతికి అందని పురుగులు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

"డిఫెండర్ దండగ, ఫ్రీగా వచ్చేది ఏం పనిచేస్తుంది" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. 2006లో వచ్చినప్పుడు అది స్పైవేర్‌ని మాత్రమే పట్టేది. పూర్తి యాంటీవైరస్ అయింది 2012లో, విండోస్ 8తో. అప్పట్లో పరీక్షల్లో వెనకబడే ఉండేది. కానీ జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఉంది, యాంటీవైరస్‌లన్నిటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించి మార్కులు వేయడమే దాని పని. అక్కడ కొన్నేళ్ళుగా డిఫెండర్‌కి డబ్బు పెట్టి కొనే పేరున్నవాటితో సమానంగా మార్కులు వస్తున్నాయి. షాపుల్లో మాత్రం ఇంకా పాత మాటే నడుస్తోంది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, అమ్మితే కమిషన్ వస్తుంది.

ఇక షరతులు.

మొదటిది, అప్‌డేట్లు ఆపొద్దు. మనలో చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడతాం. డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపేస్తాం. 2017లో వన్నాక్రై వచ్చింది గుర్తుందా? మే 12న మొదలై ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు, వాయిదా వేసినవాళ్ళు దొరికారు. రోజుకింత అని వచ్చే డేటాలో రాత్రి పడుకునే ముందు మిగిలింది అప్‌డేట్‌కి వదలండి. పొద్దున్నే ఎలాగూ కొత్త కోటా వస్తుంది.

విండోస్ 10 వాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా అదనపు గడువు ఇచ్చారు. మీ కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కుతుందేమో సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చూసుకోండి. గట్టు తెగిన మడికి ఎంత నీళ్ళు పెట్టినా నిలవవు. పాతబడి అప్‌డేట్లు ఆగిన విండోస్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా అంతే.

రెండోది, దొంగ సాఫ్ట్‌వేర్. ఇది అన్నిటికంటే పెద్ద రోగం. "క్రాక్" వేసిన విండోస్, క్రాక్ వేసిన ఫొటో సాఫ్ట్‌వేర్, పిల్లలు డౌన్‌లోడ్ చేసే ఆటలు. ఇవి వేసేటప్పుడు మొట్టమొదట వచ్చే సూచన ఏంటో తెలుసా? "ముందు డిఫెండర్ ఆఫ్ చేయండి." మన ఇంట్లోకి వచ్చేవాడు "ముందు కుక్కని కట్టేయండి" అంటే ఏమనుకుంటాం? ఇక్కడ మాత్రం మనమే కట్టేస్తున్నాం. పని అయ్యాక మళ్ళీ విప్పేవాళ్ళు తక్కువ. తర్వాత వైరస్ వస్తే "డిఫెండర్ పనిచేయలేదు" అంటారు. పనిచేయనిస్తే కదా!

మూడోది, ఒకటి చాలు, రెండు వద్దు. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. దాని మీద ఇంకోటి కూడా కొని వేస్తే ఆ రెండూ కొట్టుకుని కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. పడని రెండు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినట్టన్నమాట. గడువు తీరిపోయిన యాంటీవైరస్ ఉంటే తీసేయండి. డిఫెండర్ మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది.

నాలుగోది, పెన్‌డ్రైవ్. ప్రింటు తీయించడానికి జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తాం. ఊరందరి పెన్‌డ్రైవులూ పెట్టే కంప్యూటర్ అది. ఇంటికొచ్చి చూస్తే ఫైళ్ళన్నీ షార్ట్‌కట్లు అయి ఉంటాయి. బయటికెళ్ళొచ్చిన పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరవండి. రెండు నిమిషాల పని.

డిఫెండర్ అసలు నడుస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? స్టార్ట్ నొక్కి "విండోస్ సెక్యూరిటీ" అని టైపు చేయండి. అన్నిటి మీదా పచ్చ టిక్కులుంటే మంచిదే. ఎర్ర గుర్తు ఉంటే అక్కడే ఆన్ చేసే బటన్ ఉంటుంది. అందులోనే "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అని ఒకటుంది. తెలియని ప్రోగ్రాములు మన ఫైళ్ళను మార్చకుండా అడ్డుకుంటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి.

ఇప్పుడు డిఫెండర్ చేతికి అందని పురుగుల సంగతి.

"మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని తెర నిండా వస్తుంది. అది వైరస్ కాదు, వల. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటిది వేయించుకుని కంప్యూటర్ మొత్తం వాడి చేతిలోకి తీసుకుంటాడు. ఎనీడెస్క్ మంచి పనికి వాడే సాఫ్ట్‌వేరే, అందుకని యాంటీవైరస్ దాన్ని ఆపదు. తలుపు తీసింది మనం కాబట్టి కాపలావాడు చుట్టమే అనుకుంటాడు. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది.

ఇంకోటి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే "పీఎం కిసాన్" ఏపీకే ఫైళ్ళు. నొక్కితే ఫోన్లో దిగుతుంది, మన మెసేజ్‌లు, ఓటీపీలు వాడికి వెళ్తాయి. పత్తి డబ్బులో, ధాన్యం డబ్బులో ఖాతాలో పడ్డ వారంలో ఇది జరిగితే ఏడాది కష్టం పోయినట్టే. కంప్యూటర్‌లో ఎంత గొప్ప యాంటీవైరస్ ఉన్నా ఫోన్‌లో పోయే డబ్బుని ఆపలేదు. యాప్ ఏదైనా ప్లే స్టోర్‌లోంచే తీసుకోండి, గ్రూపులో వచ్చిన ఫైల్‌ని ఎవరు పంపినా నొక్కొద్దు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఉంటుంది.

అయితే డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనేవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా? కాదు. ఊళ్ళో నెట్ సెంటర్ నడిపేవాళ్ళు, ఎరువుల షాపు బిల్లింగు, జీఎస్టీ అంతా ఒకే కంప్యూటర్‌లో పెట్టుకున్నవాళ్ళు కొనుక్కున్నా తప్పులేదు. రోజూ పదిమంది పెన్‌డ్రైవులు పెట్టే చోట కాపలా గట్టిగానే ఉండాలి. ఇంటి కంప్యూటర్‌కి మాత్రం ఆ ఖర్చు వద్దంటాను.

ఆ డబ్బుతో చేయాల్సిన పని వేరే ఉంది. ఒక మంచి పెన్‌డ్రైవో, వీలైతే చిన్న హార్డ్ డిస్కో కొనండి. భూమి కాగితాలు, సర్టిఫికెట్లు, ఫొటోలు దాంట్లోకి కాపీ చేసి, కంప్యూటర్ నుంచి తీసేసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే ఫైళ్ళకి తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది. ఏ యాంటీవైరస్ కూడా నూటికి నూరు పాళ్ళూ పట్టదు, డబ్బు పెట్టి కొన్నదైనా సరే. విత్తనం ఎంత మంచిదైనా రేపటికని కాసింత గాదెలో దాచుకునే జాతి మనది. ఫైళ్ళ దగ్గర మాత్రం ఆ బుద్ధి ఎందుకు మర్చిపోవాలి?

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పోస్టు వాళ్ళ చేత చదివించండి. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని పచ్చ టిక్కులు చూసుకోండి, ఒక కాపీ తీసుకోండి. సందేహాలుంటే కింద రాయండి, తెలిసినంత చెప్తాను. నేను చెప్పిన దాంట్లో తేడా ఉందనుకుంటే అది కూడా రాయండి, మాట్లాడుకుందాం.