మార్కుల కోసం సంగీతమా?

"సంగీతం నేర్పించండి, లెక్కల్లో మార్కులు పెరుగుతాయి." బడుల్లో చేర్పించే రోజులు వచ్చాయంటే ఈ మాట తరచు చెవిన పడుతుంది. చెప్పేవాళ్లు పిల్లల మేలు కోరే చెబుతారు. కానీ ఈ మాట తప్పు. పైగా కళకూ పిల్లలకూ చేటు.

దీనికి ఊతమిచ్చింది 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. ఆ ప్రయోగంలో పాల్గొన్నది పసిపిల్లలు కారు, 36 మంది కాలేజీ విద్యార్థులు. వాళ్లు సంగీతం నేర్చుకోనూ లేదు, మొజార్ట్ సొనాటా ఒకటి పది నిమిషాలు విన్నారంతే. ఆకారాలను మనసులో ఊహించుకునే పరీక్షలో కాస్త మెరుగయ్యారు. ఆ మెరుగు కూడా పావుగంట దాటలేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం సీడీ పంచడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగాడు. రెండేళ్లకు హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ దశాబ్దాల అధ్యయనాలను జల్లెడ పట్టారు. కళలు నేర్చినందువల్లే చదువులో మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. ఆ మాట అన్నది కళలంటే గిట్టనివాళ్లు కాదు, బడిలో కళలు ఉండి తీరాలని వాదించేవాళ్లే.

కళను మార్కులకు ముడిపెడితే, మార్కులు పెరగని ఏడాది వీణ అటకెక్కుతుంది. పదో తరగతి దగ్గర పడేసరికి డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సారు చేతిలోకి పోతుంది.

పిల్లలకు బొమ్మ ఎందుకో తెలియాలంటే టెరెజిన్‌ను తలుచుకోవాలి. నాజీలు యూదులను కుక్కిన ఆ చెక్ పట్టణంలో, తానూ బందీగా ఉంటూనే, ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలచేత బొమ్మలు వేయించింది. దొరికిన చిత్తుకాగితాలే వాళ్లకు డ్రాయింగ్ పుస్తకాలు. తాము వదిలి వచ్చిన ఇళ్లు, పూలు, సీతాకోకచిలుకలు గీసుకున్నారు. బొమ్మ మీద ఎవరి పేరు వాళ్లచేతే రాయించేది. మనిషి పేరుకు విలువ లేని చోట అదెంత పెద్ద సంగతి! 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆమె పోయాక రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. వాటిని గీసిన పిల్లల్లో చాలామంది మిగల్లేదు. ఆ పిల్లల ముందు ఏ పరీక్షా లేదు. నోటితో చెప్పుకోలేని బెంగకు కాగితం మీద చోటు దొరికింది, అందుకే గీశారు.

మన పిల్లలకూ బెంగలుంటాయి. హాస్టల్ గదిలో ఒంటరిగా పడుకునే పదమూడేళ్ల పిల్లకు తన భయానికి ఒక రంగు వెతుక్కునే గంట కావాలి. ఆ గంటకు ర్యాంకును సాకుగా చూపనక్కర్లేదు. పట్టుకుపోయిన డ్రాయింగ్ పీరియడ్‌ను తిరిగి ఇచ్చేయండి.