చిన్నారుట్ల నుంచి చర్చల బల్ల దాకా

నల్లమలలోని చిన్నారుట్లలో 2004 అక్టోబరు 11న మావోయిస్టు నేత రామకృష్ణ అడవి నుంచి బయటికొచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో చర్చలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున హోంమంత్రి కె. జానారెడ్డి కూర్చున్నారు. ఏడాది కిందటే అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కాన్వాయ్‌పై మందుపాతర పేల్చినవారితో మాట్లాడటం ప్రభుత్వానికి మింగుడుపడని పని. ఎన్‌కౌంటర్లలో సహచరులను పోగొట్టుకున్నవారికీ అంతే.

మధ్యవర్తి ఎస్.ఆర్. శంకరన్ కథ వేరు. 1987లో గుర్తేడు దగ్గర ఆయన్ను నక్సలైట్లే అపహరించారు. అయినా, 1997 నుంచి పౌర స్పందన వేదిక పేరుతో ఇరుపక్షాల హింసనూ ప్రశ్నిస్తూనే వచ్చారు. ఈ రాజీ ప్రయత్నంలో నైతిక బలమంటూ ఉంటే అది ఎక్కువగా ఆయనదే.

ముడి పడింది ఆయుధాల దగ్గర. తుపాకులతో ఊళ్లలో తిరగొద్దని ప్రభుత్వం, ఆయుధాలు వదలబోమని మావోయిస్టులు. భూపంపిణీ ప్రశ్న బల్లమీదే మిగిలింది. ఇరువైపులా చనిపోయినవారి కుటుంబాలకు మాత్రం ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు, ఇది చిన్న లోపమేమీ కాదు.

2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలవడంతో మావోయిస్టులు తప్పుకున్నారు. ఆగస్టు 15న మావోయిస్టుల చేతిలో ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య జరిగింది. రెండు రోజులకే మావోయిస్టు పార్టీపై నిషేధం తిరిగొచ్చింది.