పాత పెట్టె, కొత్త బొమ్మ
ప్రాంతీయ చానెల్ హెచ్‌డీకి మారితే పాత రిసీవర్‌ను మళ్లీ ట్యూన్ చేస్తే చాలన్నది సగం నిజమే. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ 2004లో మొదలైన నాటి పెట్టెలు ఎంపెగ్-2 ప్రసారాన్నే విప్పగలవు. హెచ్‌డీ మామూలుగా ఎంపెగ్-4లో వస్తుంది. ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు సరిగ్గా కొట్టి వెతికితే చానెల్ పేరు జాబితాలో చేరవచ్చు, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి మాటలు మాత్రం వినిపిస్తాయి. జంషెడ్‌పూర్ కదమాలో తెలుగువారి డాబాల మీద దక్షిణానికి కాస్త తూర్పుగా, 93.5 డిగ్రీల జీశాట్-15 వైపు చూసే డిష్‌కు ఇందులో పాపమేమీ లేదు. మెకానిక్‌ను పిలిచి దాన్ని తిప్పించడం దండగ; మార్చాల్సింది పెట్టెనే. పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లున్న ఎంపెగ్-4 పెట్టె కొంటే పాత డబ్బా టీవీ కూడా పనిచేస్తుంది, కాకపోతే హెచ్‌డీ నాణ్యత అందులో కనిపించదు.