కోర్టు కథ కాదు, కొట్టు కథ

మొన్నొక ఆదివారం పదిమందిమి కూర్చుని 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' గురించి మాట్లాడుకున్నాం. రెండు గంటల్లో గంటన్నర ఆటికస్ ఫించ్‌కే పోయింది. కోర్టులో ఆయన నిలబడ్డ తీరు, ఆయన ఓపిక, పిల్లలతో ఆయన మాటలు, సినిమాలో గ్రెగరీ పెక్ కళ్లజోడు. చివర్లో ఒక మిత్రుడు "అలాంటి ఊళ్లో అలాంటి లాయరు ఒక్కడుంటే చాలు కదా" అన్నాడు. అందరం తలూపాం. నేనూ ఊపాను.

ఇంటికొచ్చాక ఆ తలూపుడు గుర్తొచ్చి సిగ్గేసింది. అలాంటి ఊళ్లో అలాంటి లాయరు ఒక్కడుంటే ఏమీ చాలదు. ఆ సంగతి తెలిసి కూడా తలూపాను. ఈ వ్యాసం దానికి సంజాయిషీ అనుకోండి.

హార్పర్ లీ నవల 1960 జులైలో వచ్చింది. కథాకాలం 1930లు, ఊరు కల్పితం. సరిగ్గా ఆ నవల పుస్తకాల షాపుల్లోకి వస్తున్న ఏడాదే టెన్నెసీ రాష్ట్రంలో ఫెయెట్ కౌంటీ అనే ఒక అసలు చోట, అసలు మనుషుల మీద వేరే కథ నడుస్తోంది. ఆ కథలోనూ ఒక లాయరు ఉన్నాడు, ఒక ముద్దాయి ఉన్నాడు, ఒక కోర్టు ఉంది. కానీ అసలు కథ కోర్టులో లేదు. కిరాణా కొట్లో, పెట్రోలు బంకులో, బ్యాంకు కౌంటరు దగ్గర, కౌలు లెక్కల్లో ఉంది. అందుకే మనకు తెలీదు. కొట్టు కథలు మనం చదవం కదా.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, ఇంకా చిన్నది. ఫెయెట్ కౌంటీ మెంఫిస్ నగరానికి పక్కనే తూర్పున ఉంటుంది. ముఖ్యపట్టణం సోమర్‌విల్. పత్తి నేల. 1960 నాటికి అక్కడి జనంలో మూడింట రెండొంతుల మంది నల్లవాళ్లు. భూమి ఎక్కువగా తెల్లవాళ్లది. నల్లవాళ్లలో చాలామంది ఆ భూమిలో పాలుకు చేసేవాళ్లు. వసంతంలో విత్తనం, ఎరువు, తిండిగింజలు అరువు మీద. పత్తి అమ్మాక ఏడాది చివర్లో లెక్క తేల్చడం. పద్దు రాసేది భూస్వామి, పత్తి తూచేది భూస్వామి మనుషులు, అరువిచ్చిన కొట్టు కూడా చాలాచోట్ల ఆయనదో ఆయన చుట్టాలదో. పంటలో సగం ఆయనకు, మిగతా సగంలో అప్పు పోగా మిగిలింది రైతుకు. చాలా ఏళ్లు మిగిలేది అప్పే.

ఇప్పుడు మనలాంటి చదువరులు తెల్లబోయే సంగతి చెప్తాను. టెన్నెసీలో నల్లవాళ్లు ఓటు వేయకుండా ఆపడానికి అప్పటికి చెప్పుకోదగ్గ చట్టమేదీ లేదు. మిసిసిపీలో, అలబామాలో పెట్టినట్టు చదువు పరీక్ష లేదు. ఓటు పన్ను 1950ల మొదట్లోనే పోయింది. పుస్తకం తెరిచి చూస్తే దారి బార్లా తెరిచే ఉంది. అయినా ఓటరు జాబితాలో నల్లవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఈ సంగతి బయటపడింది మాత్రం ఒక విచారణలోనే. 1959లో బర్టన్ డాడ్సన్ అనే నల్ల రైతును సోమర్‌విల్ కోర్టులో నిలబెట్టారు. 1940ల మొదట్లో ఆయన ఇంటి మీదికి జనం తుపాకులతో వచ్చిన రాత్రి ఒక డిప్యూటీ చనిపోయాడు. ఆ నేరం ఆయన మీద పడింది. ఆయన పారిపోయి దాదాపు రెండు దశాబ్దాలు వేరే రాష్ట్రంలో బతికాడు. ఆయన తరఫున మెంఫిస్ నుంచి జేమ్స్ ఎస్టీస్ అనే నల్ల లాయరు వచ్చాడు. జ్యూరీలోకి రాబోయే తెల్లవాళ్లను ఒక్కొక్కరినీ, నల్లవాళ్లకు ఓటు హక్కు ఉండాలని మీరు నమ్ముతారా అని అడిగాడు. జ్యూరీని తీసేది ఓటర్ల జాబితా లోంచి. జాబితాలో లేనివాళ్లు జ్యూరీలో ఉండరు. అంతా తెల్లవాళ్లే కూర్చున్న ఆ జ్యూరీ డాడ్సన్‌ను దోషి అంది.

మన ఆదివారం గుంపుకు ఈ కథ ఇక్కడితో అయిపోతుంది. గొప్ప లాయరు, గొప్ప ప్రశ్న, ఓటమి, కన్నీళ్లు. కానీ ఆ రోజు ప్రేక్షకుల్లో జాన్ మెక్‌ఫెరెన్, హార్ప్‌మన్ జేమిసన్ అని ఇద్దరున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లు. వాళ్లు లాయరు వాగ్ధాటి గురించి మాట్లాడుకుంటూ ఇంటికి పోలేదు. జ్యూరీ ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టుకున్నారు. జాబితా మారకపోతే ఎంత గొప్ప లాయరొచ్చినా తీర్పు మారదు. ఇంకొందరితో కలిసి సంఘం పెట్టి, జనాన్ని ఓటరు నమోదుకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 1959 ఆగస్టులో డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటేయబోతే వెనక్కి పంపారు. కేంద్ర న్యాయశాఖ కేసు వేసింది. 1960 ఏప్రిల్లో రాజీ డిక్రీ వచ్చింది, ప్రైమరీలో అందరికీ ఓటు. కోర్టులో గెలిచారు.

అసలు కథ మొదలైంది ఆ తర్వాతే.

ఒక జాబితా తయారైంది. ఓటరుగా నమోదైన నల్లవాళ్ల పేర్లతో. అది కొట్టు నుంచి కొట్టుకు, బ్యాంకు నుంచి పత్తి మిల్లుకు తిరిగింది. జాబితాలో పేరుంటే అరువు లేదు. కొన్నిచోట్ల నగదు పెట్టినా సరుకు లేదు. పెట్రోలు లేదు. పంట రుణం లేదు. ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోనక్కర్లేదు. కౌంటరు అవతలి మనిషి "లేదు" అంటే సరిపోతుంది. ఎందుకు లేదో చెప్పాల్సిన పని కూడా లేదు.

మెక్‌ఫెరెన్ తనే ఒక చిన్న కొట్టు, పెట్రోలు బంకు నడిపాడు. దాన్నీ వదల్లేదు. సరుకు వేసే టోకు వ్యాపారులు బండ్లు ఆపేశారు. పెట్రోలు ట్యాంకులు ఎండిపోయాయి. ఆయన స్వయంగా మెంఫిస్ వెళ్లి సరుకు తన బండిలో వేసుకొచ్చేవాడు, దారిలో ఎవరు వెంబడిస్తారో తెలియని ప్రయాణం. నన్నడిగితే ఆ రోడ్డు మీద ఒక్కో ప్రయాణం ఆటికస్ ముగింపు వాదన కన్నా బరువైనది. పప్పు, పిండి, సబ్బులు కౌంటీలోకి వచ్చినంత కాలమే ఉద్యమం బతుకుతుంది. అది ఆయనకు తెలుసు.

1960 చలికాలానికి పాలు రైతులను ఖాళీ చేయించడం మొదలైంది. పాలు ఒప్పందం ఏడాదికేడాది. లెక్క తేలాక ఒప్పందం అయిపోయినట్టే, కొత్తది ఇవ్వాలని ఎక్కడా లేదు. కాబట్టి, చూడండి, ఎవరూ చట్టం దాటలేదు. తాతల కాలం నుంచి ఆ మట్టిలో ఉన్న కుటుంబాలు డిసెంబరు చలిలో రోడ్డు మీదకొచ్చాయి. షెపర్డ్ టౌల్స్ అనే నల్ల రైతు తన సొంత పొలంలో చోటిచ్చాడు. సైన్యం వాడి వదిలేసిన గుడారాలు వేసుకున్నారు. జనం దాన్ని టెంట్ సిటీ అన్నారు. బురద, పొయ్యి పొగ, పసిపిల్లలు. రాత్రిళ్లు గుడారాల మీద కాల్పులు జరిగాయి, నిద్రలో ఉన్న ఒకాయన చేతికి తూటా తగిలింది.

భూస్వాముల సమాధానం వినండి. దీనికీ ఓటుకీ సంబంధం లేదు, ట్రాక్టర్లొచ్చాయి, పత్తి ఏరే యంత్రాలొచ్చాయి, మనుషులతో పనిలేదు, ఇది వ్యాపారం. ఈ వాదన పూర్తి అబద్ధం కాదు, అదే దీని బలం. యంత్రాలు నిజంగానే వచ్చాయి. దక్షిణాదంతా పాలు రైతుల అవసరం తగ్గిపోతోంది. కానీ యంత్రం ఓటరు జాబితా చూసి ఇల్లు ఎంచుకోదు కదా. నిజమైన ఆర్థిక కారణం ఒకటి చేతికి దొరికితే దాని వెనక ఎంత కక్షయినా దాచుకోవచ్చు.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే వ్యవహారం జరిగింది. అందులో గొప్ప ఉపన్యాసం ఒక్కటీ లేదు. 1957 పౌరహక్కుల చట్టం ఓటు విషయంలో ఎవరినీ బెదిరించకూడదు, ఒత్తిడి పెట్టకూడదు అంది. దాని కింద న్యాయశాఖ ఫెయెట్ లోనూ, పక్కనున్న హేవుడ్ కౌంటీలోనూ డజన్లకొద్దీ భూస్వాముల మీద, వర్తకుల మీద, బ్యాంకుల మీద కేసులు వేసింది. ప్రశ్న ఒక్కటే. సరుకు అమ్మకపోవడం, కౌలు కొనసాగించకపోవడం బెదిరింపేనా? మెంఫిస్ ఫెడరల్ కోర్టు భూమి దగ్గరికొచ్చేసరికి వెనకాడింది. పౌరహక్కుల చట్టం కౌలు ఒప్పందాల్లో తలదూర్చలేదంది. 1961 ఏప్రిల్లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని మార్చింది. ఆస్తి మీద నీకు హక్కుంది, నిజమే. ఆ హక్కును ఇంకొకడి ఓటును ఆపే ఆయుధంగా వాడితే మాత్రం చట్టం చూస్తుంది. తీర్పు సారం ఇంతే. 1962 జులైలో ఫెయెట్ భూస్వాములు, వర్తకుల మీద రాజీ డిక్రీ వచ్చింది, ఓటును అడ్డుకునే ఉద్దేశంతో అలాంటి పనులేవీ చేయకూడదని. అప్పటికి గుడారాల్లో రెండు చలికాలాలు గడిచిపోయాయి. అదే ఏడాది చివర్లో గ్రెగరీ పెక్ సినిమా వచ్చింది. ప్రపంచం ఏది గుర్తుపెట్టుకుందో మనకు తెలుసు.

"నవల నవలే, దానిమీద ఇంత కోపమెందుకు" అంటారు. నా కోపం నవల మీద కాదు. హార్పర్ లీ తండ్రి చిన్న ఊళ్లో లాయరు, ఆమె తనకు తెలిసిన గదిని రాసింది. ఆ ఒక్క గదినే మనం ఊరనుకుంటున్నాం, నా కోపమంతా దానిమీదే. విచారణ కథకుడికి సుఖం. లోపలికి రావడం, వాదించడం, తీర్పు, అన్నీ కట్టి ఇచ్చినట్టుంటాయి. చదివేవాడికి ఇంకా సుఖం. చెడ్డవాడు ఎదురుగా కూర్చుని ఉంటాడు, మనం మంచి లాయరు పక్కన నిలబడితే చాలు. కొట్టు కథలో ఆ సుఖం లేదు. అక్కడ "లేదు" అన్నవాడు సాయంత్రం చర్చికి వెళ్తాడు, పిల్లలకు బూట్లు కొంటాడు, తను ఎవరికీ ఏ హానీ చేయలేదని నిజంగానే నమ్ముతాడు.

నాకెలా తెలుసంటారా? మాది కొట్టు కుటుంబం. డెల్టాలో ఒక ఊళ్లో మా తాతయ్యది కిరాణా దుకాణం. కూలి పెంచమని దళితవాడ వాళ్లు నాట్లకు వెళ్లడం మానేసిన ఏడాది, ఊరి పెద్దలు చెప్పారని ఆయన వాడకు అరువు ఆపేశాడు. ఇరవై రోజులు. అమ్మకు అప్పుడు పదేళ్లు. ఉప్పు కోసం వచ్చిన ఒకావిడ గడప దగ్గర నిలబడి వెనక్కి పోవడం ఆమెకు ఇప్పటికీ గుర్తు. తాతయ్య పోయేదాకా ఆ సంగతి ఎత్తితే ఒకటే మాట అనేవాడు. "మనం ఎవర్నీ కొట్టలేదమ్మా, తిట్టలేదు. అరువు ఆపాం, అంతే. కొట్టు మనది." ఆయన నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. బెల్లం ముక్క పెట్టకుండా ఏ పిల్లాణ్ణీ పంపేవాడు కాదు. ఆ ఇరవై రోజులు తప్ప.

ఫెయెట్ కౌంటీ భూస్వాములు కోర్టులో చెప్పుకున్నది అక్షరాలా ఇదే. కొట్టు మాది, పొలం మాది. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులకు పనులూ కౌలు భూములూ ఆపినప్పుడు కూడా వినపడింది ఇదే. మన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆర్థిక బహిష్కరణ అనే మాట నేరంగా చేరింది 2016లో. ఆరో సర్క్యూట్ కోర్టు చెప్పిన మాట చెప్పుకోడానికి మనకింకో యాభై అయిదేళ్లు పట్టింది. చెప్పుకున్నాం గానీ, చదవడం నేర్చుకోలేదు.

కాబట్టి వచ్చే ఆదివారానికి నాదొక కోరిక. ఆటికస్‌ను ఒక పూట పక్కన పెడదాం. మేకోంబ్‌లో కొట్టు ఎవరిది? టామ్ రాబిన్సన్ భార్యకు అరువిచ్చేదెవరు? తీర్పు వచ్చిన మర్నాడు ఎవరు ఇవ్వడం మానేస్తారు? మన కథల్లో కూడా అడుగుదాం, ఆ ఊళ్లో పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉందని. జవాబులు దొరక్కపోవచ్చు. అడిగితే కనీసం మనం ఎవరి పక్కన నిలబడి చదువుతున్నామో తెలుస్తుంది.

నా మటుకు నాకు తెలిసిపోయింది. నేను లాయరు పక్కన లేను. కౌంటరుకు లోపలివైపు, తాతయ్య కాళ్ల దగ్గర, బెల్లం చప్పరిస్తూ ఉన్నాను.