మందుల షాపువాడు నిద్ర డాక్టరు కాదు

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మా పామర్రులో ఇప్పటికీ అంటుంటారు. పొలం పని చేసొచ్చి అరుగు మీదే గుర్రుపెట్టే పెద్దాయన అంటే ఒప్పుకుంటా. కానీ రాత్రి మూడింటికి పైకప్పు చూస్తూ పడుకున్న సాఫ్టువేరోడికి ఇదే సామెత మందులా చెప్తారు చూశారూ, అక్కడే నాకు ఒళ్ళు మండుద్ది. "ఏసీలో కూర్చుంటే నిద్రెలా పడుద్దిరా, ఒళ్ళొంచు!" అంటే ఇది జబ్బు కాదు, బద్ధకం అన్నమాట.

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదైతే మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ళ పని గంటలయ్యేసరికి మనకి అర్ధరాత్రి దాటుద్ది. ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్లకి నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని మనం ఇష్టమొచ్చినట్టు తిప్పేసి, తెలిసిన షాపులో స్ట్రిప్పు కొనేసుకుంటున్నాం.

అయ్యా, ఆల్ప్రాజోలం, జోల్పిడెమ్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న రూలు ఇది: చీటీ లేకుండా అమ్మకూడదు, డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఊరికే పెట్టారా? 2015లో నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాక, దానికి అలవాటుపడ్డ జనం వణుకుతూ, మతిచలించి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపేవాటిలో ఆల్ప్రాజోలం ఒకటి. వాళ్ళని చూసి "తాగుబోతులు" అని నవ్విన మనం మింగేదీ ఆ మందే! నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా మానెయ్యకండి, అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

సర్వరు రోజూ పడిపోతుంటే లాగ్ చూడకుండా రీస్టార్టు కొడుతూ కూర్చుంటామా? నిద్ర విషయంలో చేస్తున్నది అదే. థైరాయిడా, దిగులా, గురకలో ఊపిరి ఆగుతోందా అన్నది చూడాల్సింది డాక్టరు. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందు ఇవ్వాల్సింది మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. రోజూ ఒకే టైముకి లేవడం, నిద్రొస్తేనే మంచమెక్కడం, పట్టకపోతే లేచి బయటికి రావడం, మంచం మీద గడిపే గంటలు తగ్గించడం.. ఇలా కొన్ని వారాల పాటు సాగే పద్ధతి.

"సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే పిచ్చోడంటారు, సంబంధాలు రావు" అంటారా? రాత్రుళ్ళు నిద్రలేక పగలు బండి మీద కునుకుతూ బందరు రోడ్డెక్కితే వచ్చే సంబంధం ఇంకోటుంది, యముడితో.

బెజవాడ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అంతదూరం వెళ్ళడానికి మొహమాటమైతే 2022లో మొదలైన టెలీ-మానస్ ఉంది, 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వారానికి మూడు రాత్రుళ్ళు చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక జబ్బు కిందే లెక్కేస్తారు. అన్నాళ్ళు ఆగమని కాదు సుమా, ఇబ్బందిగా ఉంటే ముందే వెళ్ళండి. పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి లేని సిగ్గు, నిద్రకెందుకండీ?