ఓటుయంత్రములకు చలి

2018 నవంబరు 6వ తేదీన న్యూయార్కు నగరమున వర్షము కురిసెను. ఆ యేట బ్యాలెటు పత్రము రెండు తావులై యుండెను. తేమకు మెత్తబడిన కాగితమును యంత్రములు మ్రింగలేక, క్రక్కలేక నిలిచిపోయెను. జనులు గంటలకొలది వరుసలలో నిలువవలసివచ్చెను. లోకమునకు ప్రజాప్రభుత్వ ధర్మములు బోధించు దేశమున నొక వానకే యింత చేటు! మనము మాత్రము నవ్వబనిలేదు. ఆ సంవత్సరమే మే నెలలో కైరానా ఉపయెన్నికయందు రసీదు యంత్రములు చెడి, 73 పోలింగు స్థానములలో మరల ఓటింగు జరుపవలసివచ్చెను.

ఈ యంత్రముల రోగము గూఢమైనది కాదు. కాగితము తేమను పీల్చి వంకర తిరుగును. చలికి లోని రబ్బరు చక్రములు గట్టిపడి జారును. రాత్రియంతయు చలిగిడ్డంగిలో నుంచిన యంత్రమును తెల్లవారగనే వెచ్చని గదికి దెచ్చి మీట నొక్కినచో, చన్నీటి చెంబు వెలుపల చెమర్చినట్లు, లోని యద్దముపై నీటిపొర పట్టును. ఓటరు పెట్టిన గుర్తును జూడవలసిన కన్ను ఆ యద్దమే. యంత్రమును, కాగితపు కట్టలను ముందునాడే గదికి జేర్చి, చక్రములు తుడిచియుంచిన జాలును. దీనికి మహావిద్వాంసు లక్కరలేదు. తాళముచెవి గలవాడొకడు ఒకనాడు ముందుగా వచ్చిన జాలును.

కాగితము చిక్కినప్పుడు బలముగా లాగరాదు. అది లెక్కకు జేరినదో లేదో యంత్రముపై నంకెను జూచి, ఉభయపక్షముల వారి యెదుట నిశ్చయింపవలెను. లేనిచో ఒక యోటు రెండగును, లేదా సున్న యగును.

అయినను ఆగిపోయిన యంత్రమును మేమంతగా నిందింపము. అది తన యశక్తిని దాచలేదు. 2020లో న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి విండ్‌హాం పట్టణమున యంత్రము లాగలేదు. తపాలా ఓటు పత్రముల మడతగీత గుర్తు పెట్టు స్థలముమీదుగా బోగా, యంత్రములు మడతనే యోటుగా జదివెను! చేతితో మరల లెక్కింపగా నలుగురు రిపబ్లికను అభ్యర్థులకు తలకొక సుమారు 300 ఓట్లు హెచ్చెను. గెలుపోటములు మారలేదు, 2021 నాటి తనిఖీలో కారణము తేలెను. కాగితము భద్రముగా నుండబట్టి గదా!

2022లో అరిజోనాలోని మారికోపా కౌంటీయందు అచ్చు పలుచనై, యంత్రములు పత్రములను ద్రోసిపుచ్చెను. వేరొక పెట్టెలో వేసిపొండు, పిదప కేంద్రస్థానమున లెక్కింతుమని యధికారులు చెప్పిరి. ఏర్పాటు మంచిదే. కాని తన పత్రము తన కన్నుల యెదుట యంత్రములోనికి బోవుట కలవాటుపడినవాడు, ఆ పూటనే చూపిన పెట్టెను నమ్ముటెట్లు? అట్టి పెట్టె యొకటి గలదని, దాని నెవరు తెరతురో, ఎప్పుడు తెరతురో వారము ముందే ద్వారము కడ వ్రాసి యంటించుటకు వ్యయమేపాటి?